నెల్లూరు తీరమున దొరువు

నెల్లూరు మండలమున నీటి చరిత్ర యనగానే పరిశోధకుల దృష్టి చెరువులమీదికి, ఆనకట్టలమీదికి పోవుట సహజము. చెరువునకు శాసనము కలదు. ఆనకట్టకు దస్త్రము కలదు. బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు మండల శాసనములను తిరుగవేసినవారికి చెరువుల పేర్లు, కాలువల పేర్లు, వానికై యిచ్చిన మాన్యముల ముచ్చట పలుతావుల కానవచ్చును. పెన్నమీద నెల్లూరు వద్ద 19వ శతాబ్దపు నడిమి భాగమున, సంగము వద్ద 1880వ దశకమున కట్టిన ఆనకట్టలు, వానినుండి నిండు కనిగిరి, సర్వేపల్లి జలాశయములు, వాని క్రింద పండిన మొలగొలుకులు, ఇవి యన్నియు చరిత్రకెక్కినవే. కాని ఆ కాలువలు అందని చోట, సముద్రపుటొడ్డు వెంట బారుగా సాగిన ఇసుకనేలపై, చెరువునకు గాని ఆనకట్టకు గాని చెందని జలాధారమొకటి తరతరములుగా జనులను పోషించినది. దాని పేరు దొరువు. ఈ వ్యాసమున మేము దొరువును గూర్చియు, దానిని ఆశ్రయించి బ్రతికినవారి జీవనమును గూర్చియు తెలుపదలచితిమి.

దొరువునకు శాసనమేల లేదను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. చెరువు రాజు త్రవ్వింపవలయును, లేదా రాజానుగ్రహము గల సంపన్నుడు త్రవ్వింపవలయును. దానికి వేలకొలది కూలీలు, బండ్లు, రాయి, సున్నము కావలెను. నెల్లూరు సరిహద్దున కడప మండలమందలి పోరుమామిళ్ల శాసనము దీనికి చక్కని సాక్ష్యము. క్రీ.శ. 1369 నాటి ఈ శాసనము మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అనంతరాజసాగరమును కట్టించిన తీరును వర్ణించును. రెండేండ్లపాటు ప్రతిదినము వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందు కలదు. అంతకంటె విలువైన విషయమేమనగా, మంచి చెరువునకు పండ్రెండు అంగములను, దానిని చెరచు ఆరు దోషములను ఆ శాసనకర్త లెక్కించి చెప్పెను. ఆ దోషములలో చవిటినేల యొకటి. మన తీరభూములలో అధికభాగము ఈ లెక్కన చెరువునకు పనికిరానివే. పర్రలు, ఉప్పుటేళ్లు, ఇసుకతిప్పలు తప్ప వేరులేని నేలమీద ఏ భాస్కరుడును చెరువు కట్టింపడు.

దొరువును మాత్రము ఒక కుటుంబము రెండు మూడు దినములలో త్రవ్వుకొనగలదు. పారయు తట్టయు చాలును. వానకాలమున పూడినచో మరల తీయవచ్చును. ఒకచోట నీరు చెడినచో ఇంకొకచోట త్రవ్వుకొనవచ్చును. చెరువు కాపాడువానికి దశబంధ మాన్యముండెను, నీరు వదలు నీరుగంటికి పంటలో మేర యుండెను. దొరువునకు మాన్యము లేదు, మేర లేదు, దానికొక ఉద్యోగి లేడు. లిఖితమైన ఆధారమును పుట్టించు వ్యవస్థ యేదియు దానిచుట్టు ఏర్పడలేదు. కనుకనే అది చరిత్రకారునికి కనుమరుగైనది. వ్రాతలో లేని దానిని చరిత్రలోనే లేనట్లు భావించుట మనలో నాటుకొనిన దురభ్యాసము.

ఇక దొరువు నీటి స్వభావమును తెలిసికొనవలెను. సముద్రమునకు కూతవేటు దూరమున, రెండువైపుల ఉప్పునీరుండగా, నడుమ ఇసుకలో మంచినీరెట్లు నిలుచును? నెల్లూరు తీరమునకు ఏడాదివానలో సగమునకు మించినది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములవలన కురియును. ఇసుకనేల ఆ వానను పారనీయక లోనికి పీల్చుకొనును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. అందువలన లోనికింకిన వాననీరు క్రిందనున్న సముద్రపు నీటిమీద, పాలమీద మీగడవలె, తేలియుండును. ఐరోపాలో ఈ సంగతిని 19వ శతాబ్ది చివర బాడన్ గైబెన్ అను డచ్చి సైనిక యింజనీరు గుర్తించెను. 1901లో హెర్జ్‌బెర్గ్ అను జర్మను యింజనీరు ఉత్తరసముద్రపు దీవులలో బావులను పరిశీలించి వేరుగా అదే నిర్ణయమునకు వచ్చెను. వారి లెక్క ప్రకారము సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరున్నచో, ఆ మట్టమునకు క్రింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరు నిలుచును. ఈ లెక్కను తలక్రిందులు చేసి చూడవలెను. పైనున్న మంచినీటి మట్టము 1 అడుగు తగ్గి అట్లే నిలిచిపోయినచో, క్రిందనున్న ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి జరుగును. పొదుపునకును నాశనమునకును ఇంత స్వల్పమైన యెడము గల జలాధారములు అరుదు.

తీరపు రైతునకు గైబెన్ పేరు తెలియదు; సూత్రము మాత్రము తెలియును. కావలికి తూర్పున ఇసుకపల్లెలలో మేము తిరుగునపుడు ఒక వృద్ధుడు దొరువు గట్టుమీద నిలిచి, "అయివోరూ, బావిని లోతుకు తీస్తారు, దొరువును వెడల్పుకు తీస్తాం. లోతుకు పోతే ఉప్పు లేస్తది. ఇది ఆశపడే నీళ్లు గాదు" అని చెప్పెను. ఇంజనీరుల గ్రంథములలో పుటలకొలది యున్న విషయమంతయు ఆ మూడు మాటలలో ఇమిడినదని మాకు తోచినది. దొరువు ఆకృతియు దీనినే చెప్పుచున్నది. బావికివలె నిలువు ఒర యుండదు. ఇసుక కూలకుండుటకు అంచులు వాలుగా దిగును. మనిషి నడచి దిగి కుండలు ముంచుకొని పైకి రావలెను. గట్టుమీద మొగలి పొదలో, తాటిచెట్లో యుండి ఇసుకను పట్టుకొనును. ఏతము, కపిల వంటి సాధనములు దీనికి అంతగా తగవు. మనిషి భుజబలమే తోడునట్టి నీటికి మేరయైనది. ఒక దినమున ఒక మనిషి ఎన్ని కడవలు మోయగలడో అంతకు మించి నీరు తీయుట సాధ్యము కాలేదు. దొరువు చెడిపోకుండుటకు నియమము కట్టినవాడెవడును లేడు. మోతబరువే ఆ నియమము.

ఈ నీటి ఆధారమున తీరమున నెలకొనిన జీవనమును కొంత విపులముగా చూడవలసియున్నది. వానలు వెనుకబట్టిన పుష్యమాసమునుండి దొరువునీరు తేటపడును. అప్పటినుండి కూరగాయల మడులు, నారుమడులు, వేరుసెనగ, తీగపాదులు ఈ నీటిమీద సాగును. రెండు చేతుల రెండు కుండలతో దిగి, నింపి, వరుసల వెంట నడచుచు మొదలు మొదలునకు పోయుట నీళ్లుపోయువారి పని. కాలువ క్రింద కయ్యకు నీరు పెట్టువాడు మడవ త్రిప్పి గట్టుమీద కూర్చుండును. దొరువు క్రింద పంటకు ప్రతి మొక్కకును మనిషి కాలు నడచినదే. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున రైలుయింజనుల కట్టెకై కోరమాండల తీరమున సరుగుడు తోపులు వేయ నారంభించిన పిమ్మట ఈ నీటికి క్రొత్త అవసరమేర్పడినది. సరుగుడు పరదేశపు చెట్టు. పెరిగిన పిమ్మట ఎండకు, గాలికి తట్టుకొనును గాని ఇసుకలో నాటిన తొలియేండ్లు వేసవిలో కుండలతో నీరు పోయక బ్రతుకదు. నేడు తీరమున దట్టముగా కానవచ్చు సరుగుడుతోపుల వెనుక దొరువులనుండి మోసిన లెక్కలేని కడవలున్నవి. ఆ మోసినవారిలో ఆడువారు, పిల్లలు అధికముగా నుండిరని వృద్ధులు చెప్పుదురు.

బెస్తవారి, పట్టపువారి పాలెములు వెలసిన తావులనుగూర్చి కూడ ఈ సందర్భమున ఒకమాట చెప్పవలెను. పడవ దిగుటకు అనువైన ఒడ్డు చాలదు. త్రాగునీరు దొరకు తిప్పయు దగ్గరనుండవలెను. అందువలన పాలెము అలలకు ఆనుకొని యుండక, కొంచెము వెనుకనున్న ఎత్తైన ఇసుకమీద ఉండుట చాలచోట్ల కానవచ్చును. తుఫానుభయమొక్కటే దీనికి కారణము కాదని, ఇసుకతిప్ప ఎంత ఎత్తైనచో దానిలో మంచినీటి నిలువ అంత యెక్కువగానుండుటయు కారణమని మా అభిప్రాయము. యానాదుల సంగతి వేరు. వారికి సొంతభూమి లేదు. శ్రీహరికోట అడవులలోను, ఉప్పుటేళ్ల ఒడ్డులను తిరుగుచు, ఎక్కడ మకాముండిన అక్కడ ఇసుకలో చెలమ తీసి నీరు త్రాగిరి. దొరువు స్థిరనివాసుల చెలమ యనియు, చెలమ సంచారుల దొరువనియు అనవచ్చును.

అస్పృశ్యత ప్రబలమైన కాలమున ఊరిబావి మాలమాదిగలకు నిషిద్ధమై యుండుట తెలుగుదేశమంతటను జరిగినదే. ఒక పారతో మంచినీరు దొరకు ఇసుకనేలపై ఆ నిషేధపు కాఠిన్యము కొంత సడలియుండునని కొందరు భావింతురు. మేము ఈ మాటను పూర్తిగా అంగీకరింపజాలము. ఇసుక ఎవరిదన్న ప్రశ్న మిగిలియే యున్నది. పట్టాభూమిలోని దొరువు పట్టాదారునిది. పోరంబోకులోని దొరువు ఊరిలో మాట చెల్లువారిది. బావులు, చెరువులు మొదలగు ప్రజోపయోగ స్థలములందు కులము పేరిట అడ్డుపెట్టరాదని 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున శాసించినది. ఆ వాక్యమును వ్రాయవలసివచ్చుటయే పూర్వస్థితికి సాక్ష్యము.

నీటికరవు ఈ మండలమున యుద్ధమునకు దారితీసిన కథ మన వాఙ్మయమున ప్రసిద్ధమే. శ్రీశైలప్రాంతమున వానలు లేక కాటమరాజు ఆలమందలతో నెల్లూరు సీమకు దిగివచ్చుట, పుల్లరి తగవు, ఖడ్గతిక్కన మరణము కాటమరాజు కథాచక్రమున విస్తరించి చెప్పబడినవి. 13వ శతాబ్దికి చెందిన ఆ వృత్తాంతములో చరిత్ర యెంత, గాథ యెంత యన్న చర్చ ఇక్కడ అప్రస్తుతము. పచ్చిక, నీరు ఎవరి హక్కు అను వివాదము ఈ నేలకు క్రొత్తది కాదని మాత్రము గ్రహించిన చాలును.

కంపెనీవారి కాలమున తీరమునకు రెండు మార్పులు వచ్చినవి. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తయైనది, ఉప్పళములు లెక్కలకెక్కినవి. 1806లో మద్రాసుకు ఉత్తరమున ఆరంభమైన కాలువ క్రమముగా పొడిగింపబడి, 1876-78 నాటి ధాతకరవులో సహాయపు పనుల ద్వారా విస్తరించి, 1878లో బకింగ్‌హాం కాలువ యను పేరు పొందెను. పెద్దగంజాము మొదలు మరక్కాణము వరకు సాగిన ఈ కాలువపై ఉప్పు, సరుగుడుకట్టె, ధాన్యము మద్రాసునకు పోయెను. పడవలవారికి, కూలీలకు పని దొరకినది. రైలు, రోడ్డు పోటీ చేతను తుఫానుల దెబ్బల చేతను ఆ రాకపోకలు 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆగిపోయినవి. కాలువ మాత్రము మిగిలి, ఆటుపోట్ల ఉప్పునీటిని తీరము పొడవున లోనికి తెచ్చుచున్నది. ఆ నీటికి విలువ వచ్చు దినము ముందున్నదని అప్పుడెవరును అనుకొని యుండరు.

స్వాతంత్ర్యానంతరము మార్పు త్వరితమైనది. చమురుయింజనులు, పిమ్మట విద్యుత్ మోటార్లు, ఫిల్టరుపాయింట్లు తీరమునకు వచ్చినవి. వీనివలన మేలు జరుగలేదని మేమనము. కడవలు మోసి నడుములు వంగిన తరమునకు మోటారు ఎంతటి వరమో నగరమున కొళాయి త్రిప్పు మనకు తెలియదు. కాని మోతబరువు విధించిన మేర ఆ దినముతో తొలగిపోయినది. దొరువు వెడల్పున పైపైన తీయుచుండిన నీటిని గొట్టము లోతునుండి లాగెను. ఒక బోరులో ఉప్పు పడినచో రైతు మరియొకటి వేసెను. పొరుగువాని దొరువు తనదానికంటె ముందుగా చెడెను.

తరువాత రొయ్య వచ్చినది. 1990 ప్రాంతమున టైగరు రొయ్య పెంపకము నెల్లూరు తీరమున మంటవలె వ్యాపించినది. ఎవరును కన్నెత్తి చూడని పర్రలకు, చవిటినేలలకు వెలలు పెరిగినవి. బకింగ్‌హాం కాలువనుండి, ఉప్పుటేళ్లనుండి నీరు తోడి చెరువులలో నిలిపిరి. మన చరిత్రలో చెరువు అను మాట ఎల్లప్పుడును మంచినీటిని సూచించినది. ఇప్పుడు అదే మాట ఉప్పునీటి గుంటకు చెల్లుచున్నది. అర్థవిపరిణామమునకు ఇంతకంటె కఠినమైన ఉదాహరణము మాకు తోపదు. ఇసుకనేలపై నెలలకొలది నిలిచిన ఉప్పునీరు క్రిందికి దిగక మానదు. వేసవిలో ఉప్పుశాతము హెచ్చినపుడు దానిని పలుచన చేయుటకు కొన్నిచోట్ల భూగర్భపు మంచినీటిని తోడి కలిపిరి. మంచినీటి పొరకు పైనుండియు క్రిందినుండియు ఒక్కసారి దెబ్బ తగిలినది. ఆ కాలపు రచనలలో కుర్రు అను మత్స్యకార గ్రామము పేరు కానవచ్చును. అచట త్రాగునీరు చెడి, జనులు ఆందోళన చేసిన పిమ్మట, నీరు ట్యాంకరులలో తేవలసివచ్చినది.

1994-95లో తెల్లమచ్చ తెగులు సోకి చెరువులు పాడువడెను. తమిళనాడునకు చెందిన గాంధేయవాది యస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పుచు, సాంప్రదాయికములు కాని రొయ్యలచెరువులను తీరనియంత్రణ మండలమునుండి తొలగింపవలెననియు, పులికాటు, చిలుక సరస్సులకు 1000 మీటర్ల లోపున ఉండరాదనియు ఆదేశించెను. వ్యవసాయభూములను, ఉప్పళములను, గ్రామపు ఉమ్మడిభూములను రొయ్యలచెరువులుగా మార్చరాదని కూడ చెప్పెను. ఆ తీర్పు అమలు పెక్కు మలుపులు తిరిగి, 2005లో తీరప్రాంత జలచర పెంపకమునకు ప్రత్యేక ప్రాధికారసంస్థను ఏర్పరచిన చట్టముతో మరియొక రూపు దాల్చెను. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించుటతో చెరువులు మరల నిండినవి. అదే 1996లో తెలుగుగంగ నీరు కండలేరు మీదుగా మొదటిసారి మద్రాసు చేరినదను సంగతిని ఇచట జ్ఞాపకము చేయుట అసందర్భము కాదనుకొందుము. ఒక మహానగరపు దాహము తీర్చు నీరు ఈ మండలముగుండ పోవుచుండగా ఈ మండలపు ఒడ్డున ట్యాంకరు కొరకు బిందెలు బారుతీరినవి.

రొయ్యను దూషించి ఊరకుండుట సులభము. పర్రను కౌలుకిచ్చిన చిన్నరైతునకు దానివలన కొన్నేండ్లు చేతిలో సొమ్మాడినది. కావలికిని మేతవేయుటకును యానాదులకు జీతములు దొరకినవి. కాని ఆ జీతము తీసికొనిన యానాది కుటుంబమునకు చెలమ నీరు పోయినది. కౌలు ముగిసిన పిమ్మట చవుడెత్తిన నేలయే రైతునకు తిరిగివచ్చినది. జీవనోపాధి నిచ్చినదియు జీవనాధారమును తీసికొనినదియు ఒకటే యైనపుడు లెక్కలో ఏ పద్దున వ్రాయవలెనో చరిత్రకారుడు ఆలోచింపవలెను. 2004 డిసెంబరు 26న సునామీ తీరమున బావులను, దొరువులను ఉప్పునీటితో ముంచెత్తినది. అది ప్రకృతి చేసినది. వానలు కురిసినకొలది ఇసుక ఆ ఉప్పును కడిగివేయగలదు. ఏటేట మరల నింపు ఉప్పునీటిని కడుగుటకు వానకు వ్యవధి చాలదు.

ప్రభుత్వములు త్రాగునీటి విషయమున ఊరకుండలేదు. 1954లో జాతీయ నీటిసరఫరా పథకము, 1972-73లో గ్రామీణ నీటిసరఫరాను త్వరితపరచు కార్యక్రమము, 1986లో సాంకేతిక మిషను, 2019లో ఇంటింటికి కొళాయి నుద్దేశించిన జలజీవన్ మిషను వరుసగా వచ్చినవి. చేతిపంపులు పాతిరి, ఎత్తైన ట్యాంకులు కట్టిరి, దూరమునుండి గొట్టములు వేసిరి. ఆడువారి నడక తగ్గినది. ఇది చిన్నమేలు కాదు. అయితే ఈ పథకములన్నిటను ఒక విభజన కలదు. త్రాగునీరు వేరు, సాగునీరు వేరు. ఒకదాని శాఖ వేరు, రెండవదాని శాఖ వేరు. జలజీవన్ మిషను కొలత మనిషికి దినమునకు 55 లీటర్లు. ఆ 55 లీటర్లలో పెయ్యదూడ లేదు, నారుమడి లేదు, వలలు కడుగుట లేదు, ఇంటివెనుక ఆనపపాదు లేదు. దొరువు కాలమున ఇవన్నియు ఒకే నీటిమీద జరిగినవి. నీరు త్రాగుటకు తెచ్చు దారిలోనే ఆడది నాలుగు పాదులకు పోసి, ఆ కాయలు సంతలో అమ్ముకొనెడిది. కొళాయి దాహము తీర్చినది గాని ఆ రాబడి నీయజాలదు.

దొరువును బాగుచేయు ప్రయత్నము ఒకటి బాపట్లలో జరిగినది. వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఉప్పునీటి వినియోగ పరిశోధకులు పాత దొరువు కిటుకునే తీసికొని, లోతునకు పోక, ఇసుకలో అడ్డముగా చిల్లులగొట్టములు పరచి, వానిలో చేరిన పైపొర నీటిని నడుమనున్న బావిలోనికి దింపి, అచటనుండి మెల్లగా తోడు పద్ధతిని రూపొందించిరి. దొరువు ఆక్రమించుకొను నేల ఆదాయై సాగునకు వచ్చును, కుండమోత తప్పును, ఉప్పు లేవదు. వృద్ధుడు చెప్పిన "వెడల్పుకు తీయుట" యే ఇందును మూలసూత్రము. అయినను బావిమీద మోటారున్నంతవరకు ఎంత తోడవలెనను నిగ్రహమును గొట్టము నేర్పజాలదు.

తెలుగుశాఖలలో పనిచేయు మిత్రులకు ఒక విన్నపము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము వ్యవసాయపదములకు త్రోవ చూపినది. తీరమున నీటికి సంబంధించిన పదజాలమును అట్లే పాలెము పాలెమునకు పోయి సేకరింపవలసియున్నది. దొరువు అంచునకు, దిగుమెట్టుకు, నీరు తేటపడుటకు, తొలిగా ఉప్పు తగులుటకు, పూడిక తీయుటకు వేరువేరు మాటలు వాడువారు ఇంకను ఉన్నారు. వారిలో పలువురు డెబ్బదియేండ్లు దాటినవారు. దొరువులకు పేర్లుండుటయు గమనింపదగినది. త్రవ్వినవాని పేరో, గట్టుమీది చెట్టు పేరో, దగ్గరనున్న దేవర పేరో చేర్చి పిలుతురు. పూడ్చిన దొరువు పేరు కొంతకాలము ఆ పొలమునకు నిలిచి, పిమ్మట అదియు మాసిపోవును.

మైపాడు వైపున ఒక పాలెములో ప్రతి యింటి ముందును కొళాయి యున్నది. అయినను ప్రొద్దుగూకువేళ ఒక ముదుసలి బిందె చంకనిడుకొని సరుగుడుతోపు నడుమనున్న దొరువునకు పోవుచుండగా చూచి, నీరింటికి వచ్చుచుండగా ఇంతదూరమేలమ్మా యని మేమడిగితిమి. ఆమె నిలువకయే, "ఆ నీళ్లకు పప్పు ఉడకదు నాయనా" అని చెప్పి ఇసుకలోనికి దిగిపోయినది.